ఏడో నిబంధన

రేకులపల్లి ముసలివాళ్ళ కోసం మా హాల్లో పదకొండు శుక్రవారాలు బిర్యానీ తిన్నారు. తిన్నవాళ్ళలో ముసలివాళ్ళు లేరు. రేకులపల్లి వాళ్ళు మాత్రం ఇద్దరున్నారు. ఒకరు నా భర్త రత్నాకర్, సంఘం కార్యదర్శి. ఇంకొకరు జలపతిరావు, అధ్యక్షుడు. మిగిలిన పద్నాలుగు మందివీ చుట్టుపక్కల మండలాలు. అందరూ కలిసి గోదారి గట్టు ప్రవాస సంఘం.

మేముండే ఖతర్‌లో, అల్ షహానియాలో ఒంటెల పందేలు మొదలయ్యే అక్టోబరు చివర మొదలుపెట్టారు. పందేలు ముగిసే ఏప్రిల్‌కల్లా ఊళ్ళో వృద్ధుల సేవా కేంద్రం గేటు తెరవాలని పట్టుదల. పది మంచాలు, మధ్యాహ్నం భోజనం, వారానికొకసారి నర్సు. వినడానికి బాగుంది. నాకూ బాగుందనిపించింది, మొదటి శుక్రవారం మధ్యాహ్నం రెండింటి దాకా.

అబూ హమూర్‌లో ఒక పెద్ద విల్లాను ఏడు ముక్కలు చేసి అద్దెకిచ్చారు. అందులో ఒక ముక్క మాది. మా హాలు ఒకప్పుడు ఆ విల్లాకి గ్యారేజీ. అందుకే కాబోలు అందులో చేరిన వాళ్ళెవరూ ముందుకు కదిలేవాళ్ళు కారు. మొదటి మూడు శుక్రవారాలూ సంఘం గుర్తు మీదే గడిచాయి. గుర్తులో ముసలాయన చేతికర్ర ఎడమ చేతిలో ఉండాలా, కుడి చేతిలో ఉండాలా? కుడి అని కొందరు, ఎడమ అని కొందరు. చివరికి కర్ర తీసేసి దీపం పెట్టారు. నాలుగో శుక్రవారం వ్యాను రంగు. వ్యాను కొనే ఆలోచన ఆ మరుసటి వారమే మానుకున్నారు, కానీ రంగు మాత్రం ఖరారైంది.

స్లైడులు చేసేది ప్రమీల, జలపతిరావు భార్య. అత్తగారు ఆమెతో పడలేక నిజామాబాద్‌లో కూతురి పంచన ఉంటుంది. ఆ ప్రమీలే "పెద్దవాళ్ళకి కావలసింది ప్రేమ" అని మొదటి స్లైడు మీద పెద్ద అక్షరాలతో వేసింది. నలభై రెండు ప్రశ్నల ఇంగ్లీషు ఫారం ఒకటి తయారుచేసి ఊళ్ళోని ఓదెలుకి ఫోన్లో పంపింది. ఓదెలు అక్కడి స్థానిక కమిటీ పెద్ద, ఎరువుల దుకాణం అతనిది. అతను ఒక్క పూటలో, దుకాణంలోంచి కదలకుండా, అరవై మంది ముసలివాళ్ళ జవాబులూ తానే నింపి పంపాడు. నూటికి తొంభై ఆరుగురు వృద్ధులు యోగా కోరుకుంటున్నారని తేలింది. ఆ స్లైడు తెర మీదకి రాగానే చప్పట్లు కొట్టారు.

"ఒక్కసారి వాళ్ళతోనే మాట్లాడితే బాగుండు గదా," అన్నాడు గౌస్ మొహియుద్దీన్. కోరుట్ల మనిషి. మెసైమీర్‌లో లాండ్రీ దుకాణం, ఒక పికప్ బండి. సంఘంలో ఏ పదవీ లేదు. అందుకే అతనికి అప్పుడప్పుడు బుద్ధి పనిచేసేది.

సరేనని వీడియో కాల్ పెట్టారు. ఓదెలు ఫోను పట్టుకుని రాములవ్వ అనే ముసలామె ముందు నిలబడ్డాడు. మా గోడ మీద టీవీలో రాములవ్వ ముఖం, సగం నుదురు, సగం పైకప్పు.

"మంచిగున్నవా అవ్వా?" అన్నాడు జలపతిరావు.

"ఎవలు బిడ్డా? దుబాయి నుంచేనా? వానలు పడ్డయా దుబాయిల?"

"ఇది దుబాయి కాదవ్వా, ఖతర్."

"ఏదైతేంది. దుబాయే గదా."

ప్రమీల ముందుకు జరిగింది. "అవ్వా, మన సెంటర్ల మీకు ఏమేం యాక్టివిటీస్ కావాలె?"

"ఏంది?"

"అంటే పొద్దుపోవటానికి. ఆటలు, పాటలు, యోగా..."

"పొద్దు పోతనే ఉన్నది బిడ్డా. కండ్లే మసకలువడ్డయ్. జగిత్యాల కండ్ల దవాఖానకు తోల్కపొయ్యేటోడు కావాలె. బస్సెక్కిచ్చి, మల్ల తోల్కచ్చి ఇంటికాడ దించేటోడు."

"అది రెండో దశల ఉన్నదవ్వా," అన్నాడు జలపతిరావు.

"ఇగో, ఇంకోటి. ఆ కొత్త బిల్డింగుకు ఏడు మెట్లు కట్టిన్రు. మా మోకాళ్లు జూసే కట్టిన్రా?"

జలపతిరావు నవ్వాడు. ముందు వసారా ఎత్తుగా ఉంటే ఫోటోల్లో బాగా వస్తుందని మెట్లు కట్టించింది ఆయనే. "రెయిలింగు పెట్టిస్తమవ్వా!" అన్నాడు. రాములవ్వ ఇంకేదో అంటోంది, ప్రమీల టీవీ శబ్దం ఆపేసింది. అవ్వ నోరు కదులుతూనే ఉంది. సమావేశం వివరాల్లో 'లబ్ధిదారులతో ముఖాముఖి విజయవంతం' అని రాయమన్నారు. రాశాను.

రాయడం నా పని. ఆ పదహారు మందిలో తెలుగు టైపింగ్ వచ్చిన వాళ్ళు లేరు. పొద్దున ఇండియన్ స్కూల్లో మూడో తరగతి పిల్లల కాపీలు దిద్దేదాన్ని, సాయంత్రం వీళ్ళ తీర్మానాలు. పిల్లల్లో కొంత ఎదుగుదల కనిపించేది.

నవంబరు మూడో వారంలో నియమావళి వచ్చింది. జలపతిరావు కారు నడుపుతూ వాయిస్ మెసేజీల్లో చెప్పేవాడు, నేను విని కొట్టేదాన్ని. ఎక్కడెక్కడి ప్రభుత్వ పథకాల నుంచో ఏరుకొచ్చిన నిబంధనలు, మధ్యలో హారన్ మోతలు. ఏడోది ఇది: 'లబ్ధిదారు దరఖాస్తు తేదీకి ముందు వరుసగా పదేళ్ళపాటు గ్రామంలోనే నివసించి ఉండవలెను.' దాని వెనకే ఆయన వివరణ కూడా వచ్చింది. "లేకుంటే జగిత్యాల నుంచొకడు, మెట్‌పల్లి నుంచొకడు వచ్చి పండుకుంటరు. మన ఊరి సౌలత్ మన ఊరోళ్లకే ఉండాలె."

టైపు చేస్తున్న చేతులు ఆగాయి. ఆ శుక్రవారం మా హాల్లో కూర్చున్న వాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకున్నాను. గత పదేళ్ళలో సొంత ఊళ్ళో అందరికంటే ఎక్కువ కాలం ఏకధాటిగా గడిపినవాడు గౌస్. టైఫాయిడ్ వచ్చి నాలుగు నెలలు. రత్నాకర్, జలపతిరావు రెండేళ్ళకొకసారి వెళ్ళి నెలరోజుల్లో తిరిగొచ్చేవాళ్ళే. మిగిలినవాళ్ళది అసలు ఆ ఊరే కాదు. అంటే కేంద్రం కట్టిస్తున్న వాళ్ళెవరికీ ఆ కేంద్రంలో చోటుండదు. రేపు ముసలితనంలో సూట్‌కేసులు పట్టుకుని ఆ గేటు ముందు దిగుతారు. తమ పేర్లు చెక్కించిన మంచాలను కిటికీలోంచి చూసుకుంటారు.

నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నాకొక్కదానికే దొరికిన నవ్వు అది. ఫోన్ చేసి ఒక్క మాట అంటే సరిపోయేది. 'గల్ఫ్‌లో పనిచేసిన కాలం మినహా' అని నాలుగు మాటలు చేర్చినా సరిపోయేది. చేర్చలేదు. అక్షరదోషాలు దిద్ది, మార్జిన్లు సరిచేసి పంపించాను. పదహారు మందీ చదివినట్టు సంతకాలు పెట్టారు. జనవరిలో జగిత్యాలలో రిజిస్ట్రేషన్ అయింది.

ఆ లెక్కలో నేను ఒక మనిషిని మరిచిపోయాను.

రాజనర్సు మామ రత్నాకర్‌కి చిన్నాయన, అంటే వాళ్ళ నాన్నకి తమ్ముడు. అల్ షహానియాలో ఒక ఒంటెల దొడ్డిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా పని. అరవై నాలుగేళ్ళు. పిల్లల్లేరు. భార్య పోయి ఏడేళ్ళు. ఊళ్ళో ఆయనకున్న ఒక్క గది పైకప్పు కిందటి వానాకాలం కూలింది. రెండు నెలలకొకసారి గౌస్ పికప్‌లో మా ఇంటికి వచ్చేవాడు, సీసాలో ఒంటె పాలు తెచ్చేవాడు. సోఫా ఉన్నా కింద కూర్చునేవాడు. ఒంటెలతో తెలుగులోనే మాట్లాడేవాడు. అక్కడి సూడాన్ మనిషికి కూడా "దా, దా" అని పిలవడం అలవాటైంది. ఆయన ఆ ఇసుకలోనే పుట్టినట్టు, ఎప్పటికీ అక్కడే ఉండేట్టు అనిపించేవాడు నాకు. తిరిగి వెళ్ళే మనుషుల్లో ఆయన్ని ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఆయన డిసెంబరు చివర కమిటీకి గుర్తొచ్చాడు. కరపత్రం మీద వేయడానికి ఒక పల్లెటూరి ముసలాయన ఫోటో కావాలి. ఊరి నుంచి ఓదెలు పంపిన ఫోటోలు మసకగా ఉన్నాయని ప్రమీల పక్కన పెట్టింది. "మీ చిన్నాయన ఉన్నడు గదా రత్నాకర్, మంచి ముఖం," అన్నాడు జలపతిరావు. బతుకమ్మ పండక్కి వేసిన నాటకం పెట్టెలోంచి ఒక గొంగడి, తలపాగా తీశారు. గౌస్ సూక్ బజారుకి వెళ్ళి ధోవతి కొనుక్కొచ్చాడు. మూడు కార్లలో అల్ షహానియా వెళ్ళాం.

రాజనర్సు మామ ప్యాంటు మీద ధోవతి చుట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళయింది కట్టక, కుచ్చిళ్ళు నిలవడం లేదు.

"చాచా, హీరో లెక్కున్నవ్," అన్నాడు గౌస్, నడుము దగ్గర బెల్టు బిగిస్తూ.

"హీరోకు బెల్టెందుకురా? ఊడిపోతదని భయమా?"

"నాకే భయం చాచా. పక్కన లేడీస్ ఉన్నరు."

రేగుచెట్టు కింద నిలబెట్టారు. ఇసుక కనిపించకుండా కింద గడ్డి పరిచారు. ఒంటె మాత్రం ఊరుకోలేదు. ఆయన ఎక్కడ నిలబడితే అక్కడికి మెడ చాపి, ఆయన భుజం మీదుగా కెమెరాలోకి చూసేది.

"ఒంటె రావొద్దు, ఒంటె రావొద్దు!" అని అరిచాడు జలపతిరావు. "మన దగ్గర ఒంటెలుండయ్ గదా!"

"దానికేమెరుక సార్," అన్నాడు రాజనర్సు మామ. "అది నన్ను ఊరోడనుకుంటలేదు."

ఫోటోలు అయ్యాక టీ ఆయనే పెట్టి ఇచ్చాడు. దొడ్డి అవతల చాప మీద నలుగురు ముసలి అరబ్బులు కూర్చుని కాఫీ తాగుతున్నారు. మధ్యలో కూర్చున్నది ఆ దొడ్డి యజమాని, ముసలి అర్బాబ్.

"ఎనభై దాటినయ్ ఆయినకు," అన్నాడు మామ, మా అందరితో. "రోజు పొద్దూకంగనే ఆ చాప మీదికొస్తడు. గా ముగ్గురొస్తరు. ఒగడు రాకుంటె ఫోన్ కొడ్తరు. ఎత్తకుంటె బండేస్కొని ఇంటికి పోతరు. గంతే. మందు లేదు, మాకు లేదు. మీరు ఊర్ల పెట్టేది గిట్లాంటిదేనా?"

"చాలా మంచి పాయింట్ పెద్దమనిషీ," అన్నాడు జలపతిరావు, ఫోన్లో ఫోటోలు జరుపుతూ. "ప్రమీలా, ఈ గడ్డం పైకెత్తింది సూడు. ఇది పెడుదాం."

కరపత్రం వచ్చింది. రాజనర్సు మామ గడ్డం పైకెత్తి ఎటో దూరంగా చూస్తున్నాడు. కింద 'మన ఊరి పెద్దలు, మన బాధ్యత' అని. ఆ ఫోటోనే పన్నెండడుగుల ఫ్లెక్సీగా చేసి రేకులపల్లిలో కేంద్రం గేటుకి కట్టారు.

ఫిబ్రవరిలో ముసలి అర్బాబ్ పోయాడు. నలభై రోజులు కాకముందే కొడుకులు ఒంటెల బేరం పెట్టారు. చివరి పందెం అయిపోగానే ఖలాస్, దొడ్డి మూత. ఆ మాట చెప్పడానికి రాజనర్సు మామ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. నేను వంటింట్లో రొట్టెలు చేస్తున్నాను. ఆయన గడప దగ్గర కూర్చున్నాడు.

"అర్బాబ్ ఉన్నంత కాలం ఎల్లింది కోడలా. కొడుకులు మంచోళ్లే. టికెట్ తీస్తమన్నరు."

"ఇంకేదైనా పని దొరకదా మామా?"

"అరవై నాలుగేండ్లోనికి కొత్త వీసా ఎవడిస్తడు? మోకాలు గూడ సహకరిస్తలేదు. పోతనే మంచిది." ఆయన ముఖంలో దిగులు కనిపించలేదు. "నాకేం ఫికర్ లేదు. మన సెంటర్ ఉన్నది గదా. గేటు కాడ నా బొమ్మనే పెట్టిన్రంట. రత్నానికి చెప్పు, నా మంచం కిటికీ దిక్కు పెట్టుమను. ముప్పై ఏండ్లు బయిట పండుకున్న, లోపట ఊపిరాడది."

పెనం మీద రొట్టె మాడింది. తీసి పక్కన పెట్టాను. ఆయన ఆ మాడిందే తీసుకుని తిన్నాడు.

రత్నాకర్ డ్యూటీ నుంచి వచ్చాక నియమావళి తీసి ఏడో నిబంధన మీద వేలు పెట్టి చూపించాను. అతను రెండుసార్లు చదివాడు. మూడోసారి కళ్ళజోడు తీసి తుడుచుకుని చదివాడు.

"ఇదెవరు రాసిన్రు?"

"మీ అధ్యక్షుడు చెప్పిండు. మీరందరు సంతకాలు పెట్టిన్రు."

"ఇన్ని పేజీలు ఎవరు చదువుతరు స్వర్ణా? నువ్వు కొట్టినవ్ గదా. నీకన్నా కనవడలేదా?"

"చెప్పింది కొట్టుకుంట పోయిన," అన్నాను. "చూడలే."

ఇరవై రెండేళ్ళ కాపురంలో అతనితో చాలా అబద్ధాలు ఆడాను. అన్నీ చీరల ధరల గురించి, చుట్టాల ఫోన్ల గురించి. ఇది అలాంటిది కాదని ఆ పూటే తెలుసు.

అతను వెంటనే ఓదెలుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"అన్నా, మా చిన్నాయన పేరు రాసుకోవాలె. ఏప్రిల్ల వస్తుండు."

"ఏ చిన్నాయినన్నా? గేటు మీదున్నాయినేనా? మా ఊరి పిల్లలు ఎవలో సినిమాయిన అనుకుంటున్నరు." నవ్వు ఆపుకుని గొంతు తగ్గించాడు ఓదెలు. "కాని కష్టమన్నా. ఏడో రూలున్నది. పది మంచాలకు పంతొమ్మిది పేర్లొచ్చినయ్."

"ఆ రూలు మేం పెట్టిందే గదా ఓదెలు. తీసేస్తం."

"ఎట్ల తీస్తవన్నా? జాగ ఇచ్చిన కాయితంల ఆ రూలు ఎక్కిచ్చుకున్నరు ఊరోళ్లు. బిల్డింగు ముందుగాల్ల లేసినా, జాగ కాయితం మాత్రం అది సూసినంకనే రాసిచ్చిన్రు. గల్ఫుల సంపాయించుకున్నోళ్లు మల్లొచ్చి మంచాలు గూడ పట్టుకుంటరని భయముండె వాళ్లకు. మీరే అసొంటి రూలు రాసి పంపేసరికి ఊరంతా మెచ్చుకున్నది. ఎంత దొడ్డ మనసు, తమకు లేకున్న పర్వాలేదన్నరు అని గ్రామసభల చప్పట్లు కొట్టిన్రు."

రత్నాకర్ నా వైపు చూశాడు. నేను గిన్నెలు సర్దుతున్నాను.

ఆ శుక్రవారం సమావేశం మూడు గంటలు సాగింది. తమకు కూడా అక్కడ చోటు లేదన్న సంగతి ఒక్కొక్కరికీ ఒక్కో సమయంలో అర్థమైంది. కొందరికి పెరుగుచట్నీ దగ్గర, ఒకరిద్దరికి మిఠాయి దగ్గర. జలపతిరావుకి చివర్లో. కానీ ఆయన అధ్యక్షుడు. అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు.

"రూలు రూలే. మన మనిషి కోసం మనమే మారిస్తే ఊర్ల మన ఇజ్జతేముంటది?" అన్నాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు. తెరిచినప్పుడు ముఖం వెలిగిపోతోంది. "లబ్ధిదారుకే గదా పదేండ్ల రూలు? స్టాఫుకు లేదు గదా? నైట్ వాచ్‌మన్ పోస్టు ఖాళీగున్నది. గేటు పక్కన గది ఉన్నది. రాజనర్సును అండ్ల పెడుదాం!"

ఒక్క క్షణం ఆగి చప్పట్లు మొదలయ్యాయి. 'సూపర్' అన్నారెవరో. ప్రమీల యూనిఫాం మీద మన గుర్తు వేయిద్దామంది. దీపం ఎటూ ఉంది, కాపలాదారుకి సరిపోతుందని నేను లోపల అనుకున్నాను. ఆ రోజు కూడా అలాంటి మాటలే పుట్టాయి నాలో.

గౌస్ చేతిలో పళ్ళెం కింద పెట్టేశాడు. "జలపతి భాయ్, చాచాకు మోకాలు లేవది. చౌకీదారా? రాత్రంత తిరుగుతడా?"

"వాకింగ్ చేసినట్టుంటది గౌస్. ఆరోగ్యం."

"ఆరోగ్యం," అన్నాడు గౌస్. చేయి కడుక్కోవడానికని వెళ్ళి, అటే బయటికి వెళ్ళిపోయాడు. సగం తిన్న పళ్ళెం అలాగే ఉంది. ప్రమీల దాని మీద ఇంకో పళ్ళెం బోర్లించింది, ఈగలు రాకుండా.

రత్నాకర్ ఏమీ అనలేదు. ఆ రోజు ఏమీ అననందుకు అతన్ని మనసులో చాలా తిట్టాను. నేనూ ఏమీ అనలేదన్న సంగతి ఆ తిట్ల మధ్యలో తట్టలేదు. నియామక పత్రం నన్నే టైపు చేయమన్నారు.

ఏప్రిల్ రెండో వారం. ఎండ ముదిరింది, దుమ్ము లేస్తోంది. మధ్యాహ్నం మూడింటికి రాజనర్సు మామ ఒక బ్యాగుతో దిగాడు. మర్నాడు విమానం. గౌస్ బ్యాగు లోపల పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఈసారి సీసాలో పాలు లేవు. ఒంటెల్ని ముందురోజే లారీలెక్కించారట. ఆఖరి ఒంటె ఎక్కనని మొండికేస్తే ఆయనే "దా, దా" అని లోపలికి తీసుకెళ్ళి దిగాడట. అది ఆయనే చెప్పాడు. చెప్పి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

రత్నాకర్ పత్రం తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "చిన్నాయినా, దీని మీద సంతకం పెట్టాలె. ఓదెలుకు పంపియ్యాలె."

"చదువు కోడలా. కళ్లద్దాలు బ్యాగులున్నయ్."

చదివాను. రాత్రి కాపలాదారు. సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఆరు వరకు. గేటు పక్క గది. టార్చిలైటు, విజిల్, రెండు జతల యూనిఫాం. విధుల్లో నిద్రించరాదు.

ఆయన అంతా విన్నాడు. "కిటికీ దిక్కు మంచం?"

"మంచాలు ఊళ్ళె ఉన్నోళ్లకేనంట చిన్నాయినా," అన్నాడు రత్నాకర్. "పదేండ్లు ఊళ్ళెనే ఉండాలెనని రూలు."

"నేనేడున్న మరి? నా పైసలు ఊళ్ళెనే ఉండె గదా ముప్పై ఏండ్లు." ఆయన గొంతులో కోపం లేదు. లెక్క తేలని మనిషిలా అడిగాడు. "ఆ రూలేందో గది సుత సదువు."

అది కూడా తెచ్చి చదివాను. ఆ వాక్యం పైకి చదవడం అదే మొదటిసారి. నివసించి ఉండవలెను.

"పదారుమంది ఉన్నరు గదరా," అన్నాడు ఆయన రత్నాకర్‌తో. "అందరు గల్ఫోళ్లే. ఒక్కనికన్న సమజ్ గాలేదా?"

"ఎవరు సరిగ చదువలే చిన్నాయినా. తప్పయింది."

"కోడలు సదువుకున్నది గదా. ఈమె సుత సూడలేదా?"

"ఆమెకేమెరుక? వాళ్లు చెప్పింది కొట్టింది," అన్నాడు రత్నాకర్. నన్ను వెనకేసుకొచ్చాడు. అతను అలా అనకుండా ఉంటే నేను నోరు తెరిచేదాన్ని కాదేమో.

"చూసిన మామా," అన్నాను.

"ఎప్పుడు?"

"కొడుతున్నప్పుడే."

రత్నాకర్ నా వైపు తిరిగాడు. నేను అతన్ని చూడలేదు. రాజనర్సు మామ బల్ల మీది కరపత్రం దగ్గరికి లాక్కుని, గొంగడి కప్పుకున్న తన ముఖాన్ని కాసేపు చూసుకున్నాడు.

"సూసి మరి చెప్పకపోతివేంది?"

వాళ్ళు వెధవలని చెప్పలేదు మామా, అనబోయాను. నోటి దాకా వచ్చింది. బయటికి అంటే ఎలా ఉంటుందో అప్పుడు వినిపించింది.

"చెప్పలే," అన్నాను.

ఆయన తల ఊపాడు, ఒంటె ఎందుకు తినడం లేదో తెలిసినప్పుడు ఊపినట్టు.

"పాపం, మిగిలినోళ్లంత ఎర్కలేక చేసిన్రు," అన్నాడు.

తర్వాత నియామక పత్రం ముందుకి జరుపుకున్నాడు.

"పెన్నియ్యి. ఏడ పెట్టాల్నో సూపియ్యి."

చూపించాను.